డేకేర్‌లో ముందు సింక్ ఎక్కడుందో చూడండి

సంపాదకులకు నమస్కారం.

26 వారాల ప్రసూతి సెలవు అయిపోవస్తుంటే హైదరాబాద్‌లో నాలాంటి తల్లులందరికీ ఒకటే టెన్షన్, పిల్లని ఎవరి దగ్గర వదలాలి అని. అమ్మో అత్తగారో దగ్గరుంటే సరే, లేకపోతే డేకేరే దిక్కు. తీరా వెళ్తే గోడల మీద బొమ్మలు, ఏసీ, ఫోన్‌లో కనిపించే సీసీ కెమెరా చూపించి ఫీజు చెప్తారు. అవన్నీ తర్వాత చూడొచ్చండీ, ముందు డైపర్లు ఎక్కడ మారుస్తారో చూపించమని అడగండి.

అక్కడే కుళాయి, సబ్బు ఉన్నాయా? పాలు కలిపే చోటికి దూరంగా ఉందా? నేను చూసిన ఒక డేకేర్‌లో ఆయమ్మ డైపర్ మార్చి, చేతికి కాస్త శానిటైజర్ రాసుకుని, వెంటనే ఇంకో బాబుకి అరటిపండు నలిపి పెట్టింది. తర్వాత ఒకే తడిగుడ్డతో వరసగా అందరి మూతులూ తుడిచేసింది. ఆవిడని అని ఏం లాభం, అంతమంది పిల్లల మధ్య ఒక్కతే ఉంది, సింకేమో లోపల వంటింట్లో ఉంది, మాటిమాటికీ వాళ్లని వదిలేసి ఎలా వెళ్తుంది? వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ లాంటివి శానిటైజర్‌తో సరిగా పోవు, సబ్బు పెట్టి రుద్ది కడగాల్సిందే.

పాల సంగతి కూడా గట్టిగా అడగాలి. ప్రతి సీసా మీద పేరుండాలి. పాప తాగగా మిగిలిన ఫార్ములా పాలు గంట దాటితే పారబోయాలి, మళ్లీ పట్టొచ్చని దాచకూడదు. పిండి పంపిన తల్లిపాలైతే బయట నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, అంతే. పడుకోబెట్టేటప్పుడు వెల్లకిలా పడుకోబెట్టాలి, ఎవరి పక్క వాళ్లకే ఉండాలి.

జ్వరమొచ్చిన పిల్లని తీసుకోం అని మొహం మీదే చెప్పే డేకేర్ దొరికితే వదులుకోకండి. పొద్దున్నే పారాసిటమాల్ సిరప్ పట్టించి పంపేసేవాళ్లు మనలోనే ఉన్నారు. మందు ప్రభావం తగ్గాక ఒళ్లు మళ్లీ కాలిపోతుంది, ఈలోగా నోట్లో, అరచేతుల్లో, అరికాళ్లలో పొక్కులొచ్చే ఆ హెచ్ఎఫ్ఎండీ (హ్యాండ్, ఫుట్ అండ్ మౌత్ డిసీజ్) గదిలో పిల్లలందరికీ అంటుకుంటుంది. సెలవు దొరకదు, నిజమే, ఆ కష్టం నాకూ తెలుసు. కానీ 50 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి సంస్థా క్రెష్ (పిల్లల్ని చూసుకునే చోటు) ఏర్పాటు చేయాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చని 2017లోనే ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. ఉద్యోగంలో చేరినప్పుడే ఈ హక్కులు రాసివ్వాలని కూడా అందులో ఉంది. మీ ఆఫీసులో ఇచ్చారా? హెచ్ఆర్‌ని అడగండి.

క్రెష్‌లు ఎలా ఉండాలో 2018లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది, కానీ అవి ఈ చట్టం కింద ఆఫీసులు పెట్టే క్రెష్‌ల కోసం. మన కాలనీల్లో ఇల్లు అద్దెకు తీసుకుని నడిపే డేకేర్ల సంగతి ఎవరు చూస్తారు? హోటళ్ల వంటగదులు తనిఖీ చేసి ఫోటోలు బయటపెడుతున్న అధికారులు, ఏడాది నిండని పిల్లలకి తిండి పెట్టే ఈ వంటగదుల్లోకి కూడా రావాలి. ఎంతమంది పిల్లలు, ఎంతమంది ఆయమ్మలు, చివరిసారి తనిఖీ ఎప్పుడు జరిగింది, ఈ మూడూ గేటు దగ్గర బోర్డు మీద రాయించాలని కోరుతున్నాను.

– ఒక తల్లి, హైదరాబాద్