అయిపోయిన సభల ఫొటోలు చాలు, కాబోయే సభల కబురు చెప్పించండి: ఉన్నత విద్యాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యాశాఖ మంత్రిగారికి,

నమస్కారాలు. కోనసీమలో శాఖా గ్రంథాలయం నడిపి రిటైరైనవాణ్ణి. ఉద్యోగంలో ఉండగా అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు లెండి, సంజాయిషీ రాసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడా బెంగ లేదు. సంగతి ఒక్కటే. గోదావరి డెల్టాలోనూ, దాన్ని ఆనుకున్న మెట్టలోనూ ఉన్న యూనివర్సిటీ క్యాంపస్‌లలో మామూలు జనం వినదగ్గవి, చూడదగ్గవి ఏడాది పొడుగునా జరుగుతూనే ఉన్నాయి. జరిగాయని మర్నాడు పేపర్లో జిల్లా పేజీ చెబుతుంది. జరగబోతున్నాయని మాత్రం మాకు ఎవరూ చెప్పరు.

ఒక తరం కిందట మా పిల్లలకి పై చదువంటే వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీయే. ఇప్పుడు రాజానగరం దగ్గర ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఉంది, 2006లో వచ్చింది. కాకినాడలో 1946 నాటి ఇంజనీరింగ్ కాలేజీ 2008లో జేఎన్‌టీయూగా సొంత కాళ్ళ మీద నిలబడింది. తాడేపల్లిగూడెంలో ఎన్‌ఐటీ, ఆ పక్కనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం. ఎన్‌ఐటీ కేంద్రం వారిదనీ, ఉద్యానం వ్యవసాయ శాఖ కిందకి వస్తుందనీ నాకు తెలుసు. అయినా పక్క శాఖ వారికి ఓ మాట మీరు చెబితే వినరా! ఏ ఒక్క క్యాంపస్ మీదా నేరం మోపడానికి రాయడం లేదు. అన్ని చోట్లా పద్ధతి ఇంచుమించు ఒకేలా ఉంది, అందుకే మీకు రాస్తున్నాను.

ముందు ఆహ్వాన పత్రం సంగతి చెప్పనివ్వండి. ఈమధ్య వాట్సాప్‌లో తిరిగి తిరిగి నా దాకా ఒకటి వచ్చింది. వచ్చేసరికి సభ అయిపోయింది, అది వేరే మాట. రంగుల్లో ముచ్చటగా వేశారు. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి, సభాధ్యక్షులు, సమన్వయకర్త, సహ సమన్వయకర్త, అందరి ఫొటోలూ ఉన్నాయి. మాట్లాడే ఆయన ఫొటో ఆ వరసలో ఎక్కడో చివర. ఏ విషయం మీద మాట్లాడతారో సన్నటి అక్షరాల్లో, అదీ ఇంగ్లీషులో. వేదిక: సెమినార్ హాల్. ఏ బ్లాకులో సెమినార్ హాలండీ? బస్సు ఎక్కడ దిగాలి? ఎన్నింటికి అయిపోతుంది? బయటివాళ్ళు రావచ్చా, కూడదా? ఒక్కదానికీ జవాబు లేదు. పెళ్ళి శుభలేఖలో కూడా కల్యాణ మండపం ఏ రోడ్డులో ఉందో వేస్తారు.

సరే, ఎలాగో తెలుసుకుని వెళ్ళామే అనుకోండి. గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి ఆపుతాడు. "ఎవరి తాలూకండీ?" అంటాడు. ఉపన్యాసం వినడానికి వచ్చామండీ అంటే ఎగాదిగా చూస్తాడు. "అది స్టూడెంట్స్‌కేనండి, ఐడీ కార్డు ఉందాండి?" తప్పు అతనిది కాదు. బయటి జనం వస్తారని అతనికి ఎవరూ చెప్పలేదు. లోపలేమో హాలు సగం ఖాళీగా ఉందని, పక్క క్లాసుల పిల్లల్ని అటెండెన్స్ పేరు చెప్పి తోలుకొస్తుంటారు. వినాలని వచ్చినవాడు గేటు బయట, వినక తప్పనివాడు గేటు లోపల.

ఇంకోటి. సభ అయ్యాక, కాలేజీలకి గ్రేడులిచ్చే న్యాక్ వారి కోసం రిపోర్టు కడతారు. అందులో జియోట్యాగ్ ఫొటోలు పెట్టాలి. జ్యోతి వెలిగిస్తున్న ఫొటో కింద అక్షాంశం, రేఖాంశం దశాంశ స్థానాలతో సహా పడతాయి. అంటే సభ ఎక్కడ జరిగిందో అయిపోయాక భూగోళం మీద అంగుళం తేడా లేకుండా చూపించగలరు. అదే సమాచారం నాలుగు రోజుల ముందు, "గాంధీ బొమ్మ దగ్గర దిగి కుడివైపు రండి" అన్నంత మోటుగా చెప్పినా మాకు చాలు.

మరి ముందే ఎందుకు చెప్పరు అని క్యాంపస్‌లో తెలిసినవాళ్ళని అడిగితే, కాస్త ఇబ్బందిపడుతూనే ఒక కారణం చెప్పారు. ముఖ్య అతిథి డేటు ఖాయం కాదండీ అన్నారు. మంత్రిగారూ, ఆ ముఖ్య అతిథి చాలాసార్లు మీవంటివారే. మీ డేటు దొరికిన రోజే కార్యక్రమం, మీకు కుదరకపోతే వాయిదా. ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం అని దేశమంతా ఖాయం చేసుకుని కూర్చుంది, రామన్ పేరున. దాన్ని మార్చి రెండో వారంలో జరిపితే పదో తరగతి పరీక్షలొచ్చి ఒక్క హైస్కూలు కూడా పిల్లల్ని పంపదు. అందుకని మొదటి మనవి: మీరు రాలేకపోయినా కార్యక్రమం చెప్పిన రోజున జరిగిపోవాలని మీరే ఉత్తర్వు ఇప్పించండి. అలాంటి ఉత్తర్వు మీరిస్తే తప్ప వైస్ ఛాన్సలర్లకి ధైర్యం చాలదు.

మా దగ్గర జనం కదలరని మాత్రం అనకండి. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థానికి ఆహ్వాన పత్రం ఉండదు. పదకొండు ఊళ్ళ ప్రభలు వరిచేలు తొక్కుకుంటూ, కౌశిక నది దాటుకుంటూ వస్తాయి, జనం వాటి వెనకాల వస్తారు. అంతర్వేది రథోత్సవం ఎప్పుడని ఎవర్నీ అడగక్కర్లేదు, భీష్మ ఏకాదశి చెబుతుంది. మారుటేరు వరి పరిశోధనా స్థానం కిసాన్ మేళా అంటే రైతులు పని మానుకుని వెళ్ళేది ఎందుకంటే, 1982లో అక్కణ్ణించి వచ్చిన స్వర్ణ రకం వాళ్ళ చేలల్లో పండింది కనక. తేదీ ముందు తెలిసి, విషయం తమదైతే వస్తారు.

విషయం అంటే ఏమిటో ఒకటి చెబుతాను. ప్రతి ఏడూ జులై, ఆగస్టుల్లో టీవీలో స్క్రోలింగ్ వస్తుంది: భద్రాచలంలో మొదటి ప్రమాద హెచ్చరిక, 43 అడుగులు. తర్వాత ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక, 11.75 అడుగులు. అక్కడ 43, ఇక్కడ 11.75 ఏంటండీ, మధ్యలో నీళ్ళు ఏమైపోయాయి అని గ్రంథాలయంలో పేపరు చదివేవాళ్ళు నన్ను అడిగేవారు. రెండు చోట్లా కొలకర్రలు వేరు, సున్నా గీత ఎవరిది వారిదే అని నాకు తెలిసినంత చెప్పేవాణ్ణి. ధవళేశ్వరంలో రెండోది 13.75, మూడోది 17.75. మొదటి హెచ్చరికకి ఇంచుమించు 10 లక్షల క్యూసెక్కులు, రెండోదానికి 13, మూడోదానికి 17 లక్షలు. 2022 జులైలో 25 లక్షలు దాటింది. గోదావరి పాయల మధ్య లంకలో కాపురమున్నవాడికి కావలసింది ఇదే: అక్కడ అంత ఉంటే మా ఊరి కాజ్‌వే మీదికి నీళ్ళు ఎప్పటికి వస్తాయి, గొడ్లని గట్టు ఎక్కించడానికి ఎంత టైముంది, వశిష్ఠ పాయకీ గౌతమి పాయకీ వంతులెలా పడతాయి, బ్యారేజీ 175 గేట్లూ ఎత్తేశాక ఇక మన చేతిలో ఏముంటుంది. ఈ మాటలు విప్పి చెప్పగల సివిల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్లు కాకినాడలో ఉన్నారు. వాళ్ళు ఇంగ్లీషులో, ఒకరికొకరు, సెమినార్ హాల్లో చెప్పుకుంటున్నారు. జూన్ మొదటి వారంలో ఒక ఆదివారం, తెలుగులో, గోడ మీద డెల్టా పటం పెట్టి గంటన్నర చెప్పమనండి. ప్రశ్నలు అంతకంటే ఎక్కువసేపు సాగుతాయని నేను హామీ ఇస్తాను.

అలాగే నవంబరు 6. కోనసీమలో ఆ తేదీకి వేరే పేరు అక్కర్లేదు. 1996 తుపానుకి చెట్టు, ఇల్లు, మనుషులు పోయినవాళ్ళు ఇంకా మా మధ్యే ఉన్నారు. ఆ రోజు యూనివర్సిటీ పిల్లలు రికార్డర్లు పట్టుకుని, మా ముసలివాళ్ళని క్యాంపస్‌కి పిలిచి, వాళ్ళ నోటితో చెప్పించి దాచిపెట్టొచ్చు. ఇంకొన్నేళ్ళు ఆగితే చెప్పేవాళ్ళు మిగలరు.

ఇక తేదీల తంటా. ఇక్కడొక చిక్కుంది, దాచను. మా రైతుకి తీరిక దొరికేది దాళ్వా, అంటే రబీ వరి, కోతలయ్యి కాలువలు కట్టేశాక, ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా. అప్పుడు మీ క్యాంపస్‌లలో పరీక్షలు, ఆ తర్వాత సెలవులు. మీకు కార్యక్రమాల హడావుడి ఉండేది జులైలో, నవంబరులో. అప్పుడు మాకు సార్వా, అంటే ఖరీఫ్ వరి, నాట్లు, కోతలు, నూర్పిళ్ళు. అయినా ఈ సందుకి కాస్త ముందొకటి, సందులో ఒకటి, రెండు మంచి రోజులున్నాయి. ఏప్రిల్ 16 వీరేశలింగంగారి జయంతి, తెలుగు నాటకరంగ దినోత్సవం. మే 15 కాటన్ దొర జయంతి. ఆ రోజున ధవళేశ్వరంలో విగ్రహానికి దండ వేసి వచ్చేస్తారు. ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి ఎలా నిలబెట్టారో, ఆ ఇసకలో పునాది ఎలా ఆగిందో చెప్పేవాళ్ళు లేరు. సెలవులైతే ఏం, హాస్టల్ ఖాళీ అయితే హాలు కూడా ఖాళీయే కదా.

క్యాంపస్‌కే రమ్మనక్కర్లేదు కూడా. జనం కూర్చుని వినడానికి ఒక చోటుండాలని వీరేశలింగంగారు రాజమండ్రిలో సొంత డబ్బుతో టౌన్‌హాలు కట్టించారు. ఆ ఊళ్ళోనే గౌతమీ గ్రంథాలయం 1898 నుంచి ఉంది. శాఖా గ్రంథాలయాలు మండలమండలానికీ ఉన్నాయి. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలని వ్యాసరచన పోటీలు పెట్టి ప్లాస్టిక్ బాక్సులు బహుమతులిస్తున్నాం. ఆ వారంలో రోజుకొక అధ్యాపకుణ్ణి పంపితే మాకు ప్రాణం లేచొస్తుంది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్న జనం వాళ్ళు, ఊరికే అడగడం లేదు.

చేయాల్సిన పని పెద్దదేం కాదు. ప్రతి యూనివర్సిటీ ఏటా అకడమిక్ క్యాలెండర్ వేస్తుంది, మిడ్ పరీక్షలు ఎప్పుడు, సెలవులు ఎప్పుడు అని. దానికి జోడుగా, బయటివాళ్ళు రాదగ్గ కార్యక్రమాలతో తెలుగులో ఒక కాగితం మూడు నెలలకోసారి వేయమనండి. అన్ని క్యాంపస్‌లవీ కలిపి ఉన్నత విద్యా మండలి వారే వేస్తే ఇంకా మేలు. అందులో అతిథుల ఫొటోలు వద్దు. విషయం, చెప్పేవారు, రోజు, మొదలయ్యే టైము, ముగిసే టైము, బస్సు ఎక్కడ దిగాలి, గేటు దగ్గర ఆపరని ఒక్క వాక్యం. గ్రంథాలయం బోర్డుకి, ఊరి సచివాలయానికి, ఆర్టీసీ కాంప్లెక్స్‌కి, హైస్కూలు హెడ్మాస్టరుకి పంపిస్తే చాలు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు. గుడికీ ఆసుపత్రికీ వెళ్తున్నట్టే, డ్వాక్రా సంఘం వాళ్ళు నలుగురు కలిసి పంట తెగుళ్ళ మీదో, పిల్లల ఆరోగ్యం మీదో మాట వినడానికీ వెళ్తారు. కబురంటూ తెలియాలి కదా.

2027లో గోదావరి పుష్కరాలు. ప్రతి క్యాంపస్‌లోనూ నది మీద సదస్సులు పెడతారు, నాకు సందేహం లేదు. ఆ నది ఒడ్డున ఉండేవాళ్ళకి ఆ సదస్సుల సంగతి ఎప్పుడు తెలియాలన్నది ఇప్పుడే తేల్చండి.

వచ్చే జూన్‌లోపు మొదటి కాగితం వేయించి, అందులో వరద హెచ్చరికల ఉపన్యాసం పెట్టిస్తే, లంక ఊళ్ళ నుంచి మనుషుల్ని పోగుచేసి తీసుకొచ్చే పూచీ నాది. సభ మాత్రం నాలుగింటికల్లా ముగించమనండి. మాలో కొందరు నరసాపురం రేవులో నది దాటించే చివరి పంటు అందుకోవాలి.

ఇట్లు,
భవదీయుడు,
కోనసీమలో రిటైరైన ఒక గ్రంథాలయ ఉద్యోగి