రొయ్య నెత్తురు చుక్కలో కణం నడక

సంపాదకులకు,

అయ్యా,

కణం ఎలా కదులుతుందని అడిగితే డిగ్రీ పిల్లలు చాలామంది రాసే జవాబు రాక్, రో అనే రెండు ప్రోటీన్ల గురించి ఒక్క వాక్యం: "రాక్ ముందుకు తోస్తుంది, రో వెనక నుంచి లాగుతుంది." కంఠతా వస్తుంది, మార్కులు పడతాయి. కణం పాకడాన్ని మాత్రం మూడేళ్లలో ఒక్కసారీ చూడరు. కొత్తపట్నం నుంచి ముత్తుకూరు దాకా వనామి రొయ్యల చెరువులున్న మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ కొరత ఉండకూడదు. బతికున్న రొయ్య ఒకటి, శుభ్రమైన కవర్‌స్లిప్పు, 40ఎక్స్ లెన్సున్న మైక్రోస్కోపు ఉంటే గంటన్నరలో చూపించవచ్చు. తోటి అధ్యాపకుల కోసం ఆ పద్ధతి రాస్తున్నాం.

ముందు విషయం. రో, రాక్, సీడీసీ42 అనేవి దాదాపు 190 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్లు. జీటీపీ అనే శక్తి అణువును పట్టుకుంటే పని మొదలు, అది ఒక ఫాస్ఫేటు తెగి జీడీపీగా మారితే పని బంద్. స్విచ్చు వేసేవి జెఫ్‌లు అనే ప్రోటీన్లు: ఇవి జీడీపీని వదిలిస్తాయి, కణంలో జీటీపీయే ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి ఆ ఖాళీలో అదే వచ్చి కూర్చుంటుంది. ఆర్పేవి గ్యాప్‌లు. జీడీఐలు అనే ఇంకో రకం ప్రోటీన్లు రో, రాక్‌ల కొవ్వు తోకను కణపు పొరలోంచి ఊడదీసి కణద్రవంలో దాచి ఉంచుతాయి. రో జన్యువు మొదట దొరికింది 1985లో, సముద్రపు కుందేలు అనే నత్త జాతి జీవిలో. రో వల్ల కణం లోపలి ఆక్టిన్ ప్రోటీన్ పోగులు మోకుల్లా బిగుసుకుంటాయనీ, రాక్ వల్ల అంచు అలలుగా లేస్తుందనీ ఆన్ రిడ్లీ, అలన్ హాల్ అనే శాస్త్రవేత్తలు 1992లో లండన్‌లో చూపించారు. మనిషిలో ఈ కుటుంబ సభ్యులు 20.

రాక్ పనిచేసినచోట ఆక్టిన్ పోగులు 70 డిగ్రీల కోణంలో కొమ్మలు వేసి పొరను ముందుకు నెడతాయి. పెనం మీద పలచగా పరిచిన అట్టు అంచులా ఉంటుందది. సీడీసీ42 సన్నటి వేళ్లు చాపుతుంది. రో కింద పనిచేసే రో-కైనేజ్ అనే ఎంజైము, ఆక్టిన్ పోగుల్ని లాగే మయోసిన్‌ను చల్లారనివ్వదు, అందుకే కణం ముడుచుకుంటుంది. కణం నేలకు వేసే అతుకు సంగతి కూడా ఇందులోనే ఉంది. ముందు అంచున పుట్టే చిన్న అతుకులు లాగుడు పడితేనే పెద్దవవుతాయి. రో మరీ ఎక్కువైతే కణం నేలను కరుచుకుని అక్కడే ఉండిపోతుంది. తక్కువైతే తోక ఊడదు, కణం సాగిపోతుంది. పైగా ఆ కంఠతా వాక్యం అసంపూర్ణం. కదిలే అంచు కొసన ముందు వెలిగేది రో అనీ, రాక్, సీడీసీ42 రెండు మైక్రాన్లు వెనకగా, 40 సెకన్లు ఆలస్యంగా వెలుగుతాయనీ 2009లోనే బయటపడింది. పాఠంలో ఈ మాట కూడా చెప్పాలి.

ఇక ప్రాక్టికల్. ఐసులో వేసిన రొయ్య పనికిరాదు. పట్టుబడి రోజున చెరువు గట్టు మీదే 20-25 గ్రాముల బతికున్న రొయ్యను అడిగి తీసుకోండి. జబ్బు చెరువుది వద్దు, తెల్లమచ్చ వస్తే రక్తకణాలు బాగా పడిపోతాయి. 1 మి.లీ. సిరంజిలోకి, 26 గేజ్ సూదితో, ముందుగానే 10 శాతం సోడియం సిట్రేట్ 0.2 మి.లీ. లాగి పెట్టుకోవాలి. రొయ్య పొట్టవైపు, ఆఖరి నడక కాళ్లకూ మొదటి ఈత కాళ్లకూ నడుమ పైపైన గుచ్చి 0.2 మి.లీ. నెత్తురు తీయాలి. అది ఎర్రగా ఉండదు, దాదాపు నీళ్లలా ఉంటుంది. సిట్రేట్ మరిచిపోతే సిరంజిలోనే జావలా గడ్డకడుతుంది.

సబ్బుతో, స్పిరిట్‌తో కడిగి ఆరబెట్టిన కవర్‌స్లిప్పు మీద ఒక చుక్క వేసి, మూతపెట్టిన తడి డబ్బాలో పది నిమిషాలు ఉంచండి. ఆ తర్వాతి మెట్టు దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. సిట్రేట్ కాల్షియాన్ని పట్టేస్తుంది. గడ్డ కట్టకపోవడానికి కారణం అదే, కణం అతుక్కోకపోవడానికీ అదే. అందుకని ఫిల్టర్ కాగితం అంచుతో ద్రవాన్ని మెల్లగా పీల్చి, వడగట్టిన ఉప్పునీరు రెండుసార్లు మార్చాలి. వనామి రక్తంతో సరితూగేది సుమారు 25 పీపీటీ (వెయ్యి పాళ్లలో 25 పాళ్లు ఉప్పు) నీరు, రొయ్య ఏ చెరువుదైనా సరే. సముద్రపు నీరు 35 ఉంటే ఏడు పాళ్లకు మూడు పాళ్లు డిస్టిల్డ్ వాటర్ కలిపితే సరిపోతుంది. కాని వానాకాలంలో మన తీరపు నీటి ఉప్పు తగ్గుతుంది, రిఫ్రాక్టోమీటరుతో కొలిచి కలపండి. కుళాయి నీరు పోస్తే కణాలు ఉబ్బి పగులుతాయి. మురికి నీరైతే అందులోని బ్యాక్టీరియా విషానికి లోపల గింజలున్న రక్తకణాలు అక్కడికక్కడే గింజలు కక్కేస్తాయి.

కవర్‌స్లిప్పును స్లైడు మీద బోర్లించేముందు రెండు పక్కలా సన్నని టేపు ముక్కలు అంటించండి, లేకపోతే కణాలు నలుగుతాయి. అంచులకు వాజలిన్ రాయండి. మైక్రోస్కోపులో వెలుతురు తగ్గించే డయాఫ్రమ్ బాగా మూస్తేనే అంచులు కనబడతాయి. గుండ్రటి కణం పదిహేను, ఇరవై నిమిషాల్లో వేళ్లు చాపి, ఆమ్లెట్‌లో పచ్చసొనలా మధ్యలో ఎత్తుగా, చుట్టూ పలచగా పరుచుకుంటుంది. ఐపీస్‌కు ఫోను ఆనించి అరనిమిషానికో ఫొటో తీయమనండి. పోలికకు ఒక స్లిప్పును ఐసు మీద ఉంచండి, ఇంకో స్లిప్పుకు సిట్రేట్ మార్చకుండా వదిలేయండి. రెంటిలోనూ కణాలు చాలావరకు గుండ్రంగానే ఉంటాయి, కారణాలు మాత్రం వేరు. ఆ తేడా పిల్లలచేత చెప్పించండి. పని అయ్యాక గ్లవ్స్ తీయకముందే అన్నీ బ్లీచింగ్ నీళ్లలో వేయండి, రొయ్యను కాలువలో పారేయవద్దు.

పీజీ ప్రాజెక్టుల గురించి ఒక మాట, కాస్త బాధతోనే. ఆర్‌ఎన్‌ఏను కొలిచే ఆర్‌టీ-పీసీఆర్ పరీక్షలో బ్యాండు మందమైందని "రో చురుకుదనం పెరిగింది" అని రాస్తున్నారు. ఆ బ్యాండు చెప్పేది ఎంత ఆర్‌ఎన్‌ఏ ఉందో మాత్రమే, స్విచ్చు వేసి ఉందా లేదా అన్నది కాదు. అది తెలియాలంటే జీటీపీ పట్టుకున్న రోను మాత్రమే అంటుకునే రోటెకిన్ అనే ప్రోటీన్ ముక్కతో లాగాలి, రాక్‌కైతే పాక్ అనే ప్రోటీన్ ముక్కతో. అదీ ఐసు మీద, మెగ్నీషియం ఉన్న బఫర్‌లో, నిమిషాల్లో ముగించాలి. ఆలస్యమైతే జీటీపీ కాస్తా తెగిపోయి, ఉన్న చురుకుదనం కూడా లేనట్టు వస్తుంది.

ఇది పరీక్షకు పరిమితమైన చదువు కాదు. రాక్ రకాల్లో ఒకటైన రాక్2 జన్యువులో ఒక్క మార్పు ఉన్న పసిబిడ్డకు తెల్లకణాలు గాయం దాకా చేరలేక, చీము కూడా పట్టక పుండ్లు మానలేదని 2000లో నమోదైంది. మనుషులకు విరేచనాలు తెచ్చే విబ్రియో పారాహీమోలిటికస్ అనే బ్యాక్టీరియా తన వాప్ఎస్ ప్రోటీన్‌తో రో, రాక్, సీడీసీ42 మూడింటికీ ఏఎంపీ అనే చిన్న అణువు ముక్క అతికించి కణాన్ని గుండ్రంగా ముడిచేస్తుంది. చెరువులో రొయ్యల్ని తొలి నెలలోనే చంపే విబ్రియో విషం వేరు, రెంటినీ కలపకూడదు.

ఈ ప్రాక్టికల్‌ను డిగ్రీ జంతుశాస్త్రం రికార్డులో చేర్చాలని రెండు జిల్లాల పాఠ్యప్రణాళిక సంఘాలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాం. మార్కులు పుస్తకంలోని బొమ్మకు కాకుండా, ఒకే కణం అంచును 5, 10, 20, 30 నిమిషాల దగ్గర గీసిన నాలుగు గీతలకు వేయాలి.

ఇట్లు,
జీవశాస్త్ర అధ్యాపకులు,
నెల్లూరు