పిల్లల థెరపిస్టు ఎదిగే దారేది? వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఒక జిల్లా ఆసుపత్రిలో, పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేయడానికి నడుస్తున్న సత్వర చికిత్స కేంద్రంలో నేను సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. మా కేంద్రాల నుంచి మీకు అందే వినతులు సాధారణంగా జీతాల గురించో, ఖాళీల గురించో, పరికరాల గురించో ఉంటాయి. అవన్నీ న్యాయమైనవే. వాటితోపాటు ఎవరికీ అంతగా పట్టని మరో సంగతిని మీ దృష్టికి తేవడానికే ఈ లేఖ రాస్తున్నాను. పిల్లలతో పనిచేసే థెరపిస్టు ఒకసారి ఉద్యోగంలో చేరాక, తన పనిలో ఎదగడానికి మన వ్యవస్థలో ఏర్పాటంటూ లేదు. కాంట్రాక్టు ఎన్నిసార్లు రెన్యువల్ అయినా, విద్య విషయంలో మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంటుంది.

మేము కదలకపోయినా శాస్త్రం కదులుతూనే ఉంది. ఈ కార్యక్రమం మొదలైన 2013లోనే అమెరికా మనోవైద్యుల సంఘం మానసిక సమస్యల నిర్ధారణ గ్రంథాన్ని సవరించి, ఆటిజంలో (నలుగురితో మాట కలపడం, మెలగడం కష్టమయ్యే ఎదుగుదల సమస్య) ఆస్పర్జర్ వంటి రకాలకున్న విడివిడి పేర్లను తీసేసి అన్నింటినీ ఆటిజం స్పెక్ట్రమ్ అనే ఒకే పేరు కిందికి తెచ్చింది. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాల సంఖ్యను 7 నుంచి 21కి పెంచి, ఆటిజాన్నీ, చదవడం రాయడంలో ఇబ్బంది పడే పిల్లల సమస్యనూ వాటిలో చేర్చింది. 2022 జనవరి నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి వ్యాధుల 11వ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. ఇవన్నీ మేము ఎవరికి వారం తెలుసుకున్నవే తప్ప, శాఖ తరఫున మమ్మల్ని కూర్చోబెట్టి వివరించినవారు లేరు.

కాగితం మీద మార్పుల మాట ఎలా ఉన్నా, చికిత్స చేసే తీరే మారిపోయింది. ఒకప్పుడు బిడ్డను లోపలికి తీసుకుని, తల్లిని బయట బెంచీ మీద కూర్చోమనేవాళ్లం. ఇప్పుడు చిన్నపిల్లల విషయంలో తల్లికి నేర్పడమే చికిత్సలో ముఖ్యభాగమైంది. గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ జరిగి 2016లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు స్పెషలిస్టులు కాని కార్యకర్తలే శిక్షణ ఇచ్చి, బిడ్డతో వారి మాటామంతీ మెరుగుపడేలా చేయగలిగారు.

వినడానికి తేలికగా ఉండే ఈ పని చేయడానికి ఎంత నేర్పు కావాలో ఒక్క ఉదాహరణ చెబుతాను. మూడేళ్ల పిల్లవాడు బొమ్మ కారును తలకిందులు చేసి చక్రం తిప్పుతూ కూర్చుంటాడు. పాత పద్ధతిలో అయితే ఆ కారు లాక్కుని, చెయ్యి పట్టుకుని రంగుల దిమ్మెలు పేర్పిస్తాం. కొత్త పద్ధతిలో వాడి ఎదురుగా నేల మీదే కూర్చుని, మన ముఖం వాడి చూపుకు అందేంత కిందికి వంగి, వాడు తిప్పాక మనమూ ఒకసారి చక్రం తిప్పి ఆగుతాం. వాడు తలెత్తి చూసేదాకా తల్లి "కారు అను నాన్నా, ఏదీ, అను" అని తొందరపెట్టకుండా, ఆమె మనసు నొప్పించకుండా ఆపగలగడమే ఆ అరగంటలో అసలు పని. ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదు. సెషన్‌ను తల్లిదండ్రుల అనుమతితో వీడియో తీసి, అనుభవం ఉన్నవారి పక్కన కూర్చుని చూస్తూ, ఎక్కడ ఆగాల్సింది, ఎక్కడ కలగజేసుకోవాల్సింది అని చర్చిస్తేనే చేతికి అబ్బుతుంది. ఆ చర్చకు ఈనాడు మాకు గంట సమయం కూడా లేదు. నెలవారీ నివేదికలో ఎంతమందిని చూశామన్న గడి ఉంది గానీ, ఎంతమంది కేసుల గురించి అనుభవం ఉన్నవారితో చర్చించామన్న గడి లేదు.

భాష సంగతి మరీ అన్యాయం. తండా నుంచి వచ్చిన బిడ్డ ఇంట్లో లంబాడీ వింటాడు, ఇంకొకరి ఇంట్లో ఉర్దూ, ఆదిలాబాద్ వైపు గోండి. మా బల్ల మీద మాత్రం ఆపిల్, బాల్, క్యాట్ బొమ్మల కార్డులుంటాయి. (మాటలు రాని బిడ్డతో ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడమని సలహా ఇచ్చే బడులను ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.) ఏ భాషలో పెరుగుతున్న బిడ్డను ఏ భాషలో పరీక్షించాలి, దుబాసీగా కూర్చున్న నాయనమ్మ తనకు తోచిన మాట కలిపితే ఏం చేయాలి అన్నవి ఏ పట్టాలోనూ పూర్తిగా నేర్పరు. పని చేస్తూ, నలుగురితో చర్చిస్తూ నేర్చుకోవలసినవి.

మా రిజిస్ట్రేషన్ రెన్యువల్ కావాలంటే మమ్మల్ని నమోదు చేసే భారత పునరావాస మండలి నిబంధనల ప్రకారం, శిక్షణలకు హాజరై నిరంతర విద్య పాయింట్లు సంపాదించాలి. ఆలోచన మంచిదే. ఆచరణలో అది సర్టిఫికెట్ల వేటగా మారింది. ఫీజు మా జేబులోంచి కట్టాలి, సెలవు పెడితే జీతం కోత. ఒక పక్క వెబినార్ పెట్టుకుని మరో పక్క వంట చేసుకునే సహోద్యోగిని నేను తప్పుపట్టలేను. పైగా ఒకే బిడ్డతో పనిచేసే మేము రెండు గొడుగుల కింద ఉన్నాం. క్లినికల్ సైకాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు పునరావాస మండలి పరిధిలో ఉంటే, ఫిజియోథెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి వస్తారు. బిడ్డ ఒక్కడే అయినా మా శిక్షణలు ఎక్కడా కలవవు.

అయ్యా, ఇందుకు వేరే రాష్ట్రం వైపు చూడనక్కర్లేదు. వైకల్య ధ్రువీకరణలో ఆటిజం తీవ్రతను లెక్కగట్టడానికి దేశమంతా వాడే 40 అంశాల భారతీయ స్కేల్‌ను తయారు చేసింది సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థే. నిలోఫర్ ఆసుపత్రి, ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం మీ శాఖవే. ఆ పెద్దలను జిల్లాల్లోని మాతో కలపడానికి కావలసింది ఒక ఉత్తర్వు, ఒక వీడియో కాల్.

నేను కోరేవాటిలో మొదటిది, వారంలో ఒక పూటను కేసుల సమీక్షకు కేటాయించి దాన్ని డ్యూటీగానే లెక్కించడం. ఆ పూట చూడని పిల్లల సంఖ్యను లోటుగా చూపకూడదు. మీరు ఒక్కటే చేయగలిగితే దయచేసి ఇదే చేయండి. లైంగిక హింసకు గురైన బిడ్డ చెప్పింది విన్నాక ఆ భారాన్ని పంచుకునే మనిషి లేక మూగగా ఇంటికి వెళ్లే థెరపిస్టుకు కూడా ఆ పూటే ఆసరా అవుతుంది. కాంట్రాక్టు వారికి శిక్షణ ఫీజు, వేతనంతో కూడిన సెలవు ఇవ్వడం ఆ తర్వాతది. అలాగే సీనియర్ థెరపిస్టు అనే హోదా ఒకటి ఏర్పరచండి. పదేళ్లు పనిచేసినా అదే మెట్టు మీద ఉండాలంటే, పని నేర్చినవారు ప్రైవేటు సెంటర్లకు వెళ్లిపోక ఏం చేస్తారు? వారు వెళ్లిన ప్రతిసారీ మేము మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతున్నాం.

కేసుల సమీక్షకు కొత్త భవనం గానీ, కొత్త పోస్టు గానీ అక్కర్లేదు. ఒకటి రెండు జిల్లాల్లో ఆరు నెలలు నడిపి, తల్లిదండ్రులనే అడిగి ఫలితం చూడవచ్చు. ఆ జిల్లాల్లో ఒకటిగా మా కేంద్రాన్ని తీసుకోవడానికి మేమంతా సిద్ధంగా ఉన్నాం.

భవదీయురాలు,
జిల్లా సత్వర చికిత్స కేంద్రం సైకాలజిస్టు