కూలర్ల సంగతి, నేను పెట్టిచ్చిన ఆ 5.0 సంగతి

మన షాపులో సిస్టమ్ కట్టించుకున్న అందరికీ. ఈ వేసవిలో మేం బిగించిన టవర్ కూలర్లలో (ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడి లాగే ఫ్యాన్ దిమ్మెలు) ఒక లాట్ బాగోలేదు. 38 సిస్టమ్‌లు వెళ్లాయి, ఏడు వెనక్కొచ్చాయి, అన్నింటిదీ ఒకటే గోల: గేమ్ మధ్యలో నత్తనడక, వీడియో రెండరింగ్ పెడితే బ్లూ స్క్రీన్.

మొదటిది దుమ్ము అనుకున్నాను, రెండోది పేస్ట్ (ప్రాసెసర్ నుంచి కూలర్‌కు వేడి దాటడానికి మధ్యలో రాసేది) అనుకున్నాను. మూడోదానికి కూలర్ విప్పి, దాని అడుగు మీద స్టీలు స్కేలు అంచు నిలబెట్టి వెనక నుంచి ఫోన్ టార్చ్ వేస్తే మధ్యలోంచి సన్నగా వెలుతురు కనబడింది. ప్రాసెసర్ నడిమధ్యన పేస్ట్ పెట్టింది పెట్టినట్టే ముద్దగా ఉంది, అంచుల్లోనే నలిగింది. ఫోటోలు పంపితే సప్లయర్ ఏమన్నాడో తెలుసా? "మీ కుర్రాళ్లు స్క్రూలు సరిగ్గా బిగించి ఉండరు సార్" అన్నాడు. పద్నాలుగేళ్లుగా ఎదురెదురు మూలలు మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించడం నేనే నేర్పుతున్నాను, ఆ మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. సీలు తీయని ఆరు డబ్బాలు అతని ముందే విప్పి స్కేలు పెట్టాను. నాలుగింట్లో వెలుతురు. అప్పుడు మాత్రం "కంపెనీకి రాస్తాం" అన్నాడు. ఇంకా రాస్తూనే ఉన్నాడు. డబ్బు రాలేదు, అడగడం నేనూ మానేశాను, అతని దగ్గర ఇక స్క్రూ కూడా కొనను.

అయితే తప్పంతా కూలర్‌దే అంటే అబద్ధం. ఐ5 12600కె తీసుకున్నవాళ్లకు ఫ్రీగా ఓవర్‌క్లాక్ చేసిచ్చాం కదా, అంటే కంపెనీ పెట్టిన స్పీడ్ కన్నా ఎక్కువ స్పీడ్‌లో నడిచేలా, అందరికీ ఒకటే బయోస్ ప్రొఫైల్ (బోర్డులో దాచుకునే సెట్టింగ్స్) లోడ్ చేశాను: 5.0 గిగాహెర్ట్జ్, 1.3 వోల్టులు. ఒకే మోడల్ చిప్‌లైనా అన్నీ ఒకేలా ఉండవని తెలిసీ చేశాను. క్లాక్ స్పీడ్ కదపకుండా వోల్టేజ్ ఒక్కటే 1.2 నుంచి 1.3కి పెంచినా వేడి దాదాపు 17 శాతం పెరుగుతుంది. షాపులో ఏసీ కింద పది నిమిషాలు టెస్ట్ చేసి పంపాను, మీ ఇంట్లో మేలో మధ్యాహ్నం రెండింటికి గది ఎలా ఉంటుందో ఆలోచించలేదు. 100 డిగ్రీలు తాకితే ఆ ప్రాసెసర్ తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటుంది కాబట్టి ఒక్కటీ కాలలేదు. అది నా గొప్పేం కాదు.

మిగతా 31 మందికి చెప్పాలా వద్దా అని రెండు రాత్రులు కొట్టుకున్నాను. బాగానే నడుస్తున్నవాళ్లకు ఫోన్ చేసి లేని అనుమానం ఎందుకు పెట్టడం అంది మా ఆవిడ. ఆమె మాటా నిజమే, పైగా 31 కూలర్లంటే మా షాపు అద్దె కన్నా ఎక్కువ. కానీ రేపు ఎనిమిదోవాడు కౌంటర్ దగ్గర నిలబడి "మీకు ముందే తెలుసా అన్నా?" అంటే ఏం చెప్పను? అందరికీ ఫోన్ చేశాను. ఇద్దరు ఎత్తలేదు, వాళ్లు ఇది చదివితే రండి, కూలర్ మార్చడానికి పైసా తీసుకోను.

ఓవర్‌క్లాకింగ్ మానేయమని చాలామంది అన్నారు. మానను. కానీ ఇకపై చేసిచ్చేది లేదు, మీరే పక్కన కూర్చుని చేసుకోవాలి, నేను చూస్తుంటాను. ఇంటెల్ అయితే పేరు చివర కె ఉన్న చిప్, జెడ్ సిరీస్ బోర్డు ఉంటేనే రండి. ముందు ఏమీ మార్చకుండా సినీబెంచ్ (ప్రాసెసర్ స్పీడ్ కొలిచే టెస్ట్ ప్రోగ్రామ్) స్కోరు, టెంపరేచర్ రాసుకుంటాం. తర్వాత మల్టిప్లయర్ (క్లాక్ స్పీడ్‌ను పెంచే అంకె) ఒక్కో మెట్టే పెంచి, ప్రతిసారీ అరగంట టెస్ట్. 85 డిగ్రీలు దాటితే వెనక్కి. బూట్ కాకపోతే టెన్షన్ పడొద్దు, సీమాస్ (బయోస్ సెట్టింగ్స్ దాచుకునే మెమరీ) క్లియర్ చేస్తే పాత సెట్టింగ్స్ వచ్చేస్తాయి. ఓవర్‌క్లాక్ వల్ల చిప్ పోతే కంపెనీ వారంటీ ఇవ్వదు, ఆ మాట ముందే చెప్పి సంతకం తీసుకుంటాను. తొందరగా కావాలంటే వేరే షాపులున్నాయి.

సీపీయూ క్యాబినెట్ ఒక్కటే తెండి, మానిటర్ అక్కర్లేదు. బిల్లు పోయినా పర్లేదు, సైడ్ ప్యానెల్ లోపల నా చేతిరాతతో 5.0 అని స్టిక్కర్ ఉంటుంది, అది చాలు.