ఆ ఒక్క నిమిషం నీదే

కన్నా,

కారులో నువ్వడిగినదానికి సగం జవాబు చెప్పేసరికే స్కూల్ వచ్చేసింది. మిగతాది రాసి ఇస్తేనే మంచిదనిపించింది. నీకిప్పుడు తెలుగు బాగానే చదవడం వచ్చు, నిదానంగా చదువుకో.

పొద్దున దేశం జెండాకు, తర్వాత టెక్సస్ జెండాకు ప్రతిజ్ఞ చెప్పాక ఒక నిమిషం మౌనం పాటిస్తారు కదా. అందరూ తల వంచుకుంటే నువ్వు కిటికీవైపు చూస్తూ కూర్చున్నావు. పక్క సీటు అబ్బాయి "నువ్వు ప్రే చేయవా?" అన్నాడు. మర్నాడు వచ్చిన సబ్‌స్టిట్యూట్ టీచర్ "కనీసం తలైనా వంచు" అన్నారు. దేవుణ్ణి నమ్మని నేను ఎందుకు వంచాలి, వంచకపోతే ఏమవుతుంది అని నీ టెన్షన్.

వంచక్కర్లేదు. ఏమీ కాదు.

ఈ మౌనం గురించి టెక్సస్ చట్టంలో ఏముందో చదివాను. ఆ నిమిషంలో విద్యార్థి ఆలోచించుకోవచ్చు, ప్రార్థించుకోవచ్చు, ధ్యానం చేసుకోవచ్చు, లేదంటే పక్కవాళ్లకు ఇబ్బంది కలగకుండా చప్పుడు లేని ఏ పనైనా చేసుకోవచ్చు. ఏది చేయాలో ఎంచుకునేది విద్యార్థే. టీచర్ చూడాల్సిందల్లా పిల్లలు మాట్లాడకుండా, ఒకరి ధ్యాస ఒకరు చెడగొట్టకుండా ఉన్నారా అనే. తల వంచాలని గానీ, కళ్లు మూసుకోవాలని గానీ అందులో లేదు. ప్రతిజ్ఞ వద్దనుకుంటే అమ్మానాన్నలు చీటీ రాసిస్తే చాలు, మినహాయిస్తారు. మౌనానికి అలాంటి మినహాయింపు రాయలేదు. కాబట్టి నిశ్శబ్దంగా ఉండటం వరకు నీ బాధ్యత. ఆ నిశ్శబ్దంలో నీ మనసులో ఏం నడుస్తోందో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

అయితే నీ అనుమానం వట్టిది కాదు. ఇలాంటి చట్టాల వెనక ప్రార్థనను బడిలోకి తిరిగి తేవాలన్న కోరిక ఉన్న మాట నిజం. 1962లో, 1963లో అమెరికా సుప్రీంకోర్టు ప్రభుత్వ బడుల్లో ప్రార్థన చేయించడం, బైబిల్ చదివించడం కుదరదని తేల్చింది. ఆ తర్వాత అలబామా రాష్ట్రం 1981లో మౌన సమయాన్ని "ధ్యానం లేదా స్వచ్ఛంద ప్రార్థన" కోసమని ఒక చట్టం చేసింది. అక్కడ మొబైల్ అనే ఊళ్లో ఇస్మాయిల్ జాఫ్రీ అనే లాయర్ ఉండేవాడు, ఆయన దేవుడున్నాడో లేడో తెలియదనే మనిషి. క్లాసులో టీచర్లు ప్రార్థనలు చెప్పిస్తున్నారని, గొంతు కలపకపోతే తోటిపిల్లలు తన పిల్లల్ని వెలివేసినట్టు చూస్తున్నారని కోర్టుకెళ్లాడు. చట్టం తెచ్చిన సెనేటరే, బడుల్లోకి ప్రార్థనను తిరిగి తేవడమే తన ఉద్దేశమని సాక్ష్యం చెప్పాడు. 1985లో సుప్రీంకోర్టు 6-3 తేడాతో ఆ చట్టాన్ని కొట్టేసింది. ఆ తీర్పుతో ఏకీభవిస్తూనే జస్టిస్ శాండ్రా డే ఓకానర్ విడిగా ఇంకో మాట రాశారు: మౌనం దానంతటది మతం కాదు, మౌనంగా కూర్చున్న పిల్లవాడు తన నమ్మకాన్ని వదులుకోనక్కర్లేదు. ఆ తర్వాతి కేసుల్లో చాలావరకు ఈ ఆలోచనే నిలబడింది.

మనకు దగ్గర్లోని కారల్టన్‌లోనే ఒక కుటుంబం టెక్సస్ చట్టం మీద దావా వేసింది. 2003లో ఈ మౌనాన్ని తప్పనిసరి చేసి, "ప్రార్థన" అన్న మాట కొత్తగా చేర్చారు. అది ప్రార్థన సమయమని ఒక టీచర్ తమ పిల్లవాడితో అన్నారన్నది వాళ్ల ఫిర్యాదుల్లో ఒకటి. 2009లో అప్పీలు కోర్టు చట్టం చెల్లుతుందంది. వాళ్లు ఓడిపోయారు. కానీ వాళ్లకు నచ్చనిదేమిటో నాకు అర్థమవుతుంది, ఎందుకంటే నీ క్లాసులో జరిగిందీ అదే. చట్టం ఎన్ని దారులు రాసినా, టీచర్ "తల వంచు" అన్న క్షణంలో అవన్నీ పోయి ఒక్కటే మిగులుతుంది.

ఇలాంటి పిల్లలు మన ఇండియాలోనూ ఉన్నారు. 1985లో కేరళలో ముగ్గురు తోబుట్టువులు జాతీయగీతం పాడేటప్పుడు గౌరవంగా లేచి నిలబడ్డారు గానీ నోరు విప్పలేదు. యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ వాళ్లు కాబట్టి పాడటానికి వాళ్ల మతం ఒప్పుకోదు. బడిలోంచి పంపేశారు. మరుసటి ఏడాది భారత సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగాయనే, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. మన సంప్రదాయం సహనం నేర్పుతుందని, మన రాజ్యాంగం దాన్ని ఆచరిస్తుందని, దాన్ని పలచన చేయొద్దని రాశారు. వాళ్లు నమ్మకం ఉండి పాడలేదు, నువ్వు నమ్మకం లేక తల వంచలేదు. నాకు రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి.

నేను రోజూ దీపం పెడతాను, శనివారం గుడికెళ్తాను. నువ్వు రావు. మొదట్లో నాకు బాధగానే ఉండేది, ఇప్పటికీ కొంచెం ఉంది. అయినా నువ్వు నమ్మనిదాన్ని నమ్మినట్టు నటిస్తే నాకు ఇంకా బాధ. నటిస్తూ పెట్టే దండం నా దేవుడికీ అక్కర్లేదు. 2025లో టెక్సస్ ఇంకో చట్టం తెచ్చింది: స్కూల్ బోర్డు ఓటేసి ఒప్పుకుంటే రోజూ ప్రార్థనకు, మతగ్రంథాలు చదవడానికి ప్రత్యేకంగా సమయం పెట్టొచ్చు, తల్లిదండ్రులు సంతకం పెట్టిన పిల్లలకు మాత్రమే. ఆ సంతకంతో దాని మీద దావా వేసే హక్కు కూడా వదులుకోవాలి. మన దగ్గర ఆ కాగితం వస్తే నేను పెట్టను. గుళ్లో ఎంతసేపైనా కూర్చుంటాను గానీ, ఎవరి పిల్లలు ప్రార్థిస్తారు, ఎవరి పిల్లలు ప్రార్థించరు అని బడి లెక్క రాసుకోవడం నాకు ఇష్టం లేదు.

ఇక ఆ అబ్బాయి సంగతి. వాడు అడిగింది వెక్కిరించడానికే అనుకోకు, తెలియక అడిగి ఉండొచ్చు. "నేను ప్రే చేయను, ఊరికే కూర్చుంటాను" అని చెప్పెయ్, చాలు. వాడు ప్రార్థించుకునేటప్పుడు కదలకు, నవ్వకు, పెన్ను టకటకలాడించకు. నీకెంత హక్కుందో వాడికీ అంతే ఉంది.

సబ్‌స్టిట్యూట్ టీచర్ మాట గురించి ప్రిన్సిపల్‌కు మెయిల్ రాయాలని నాకుంది. ఆవిడ మీద చర్య తీసుకోమని కాదు, చట్టంలో ఏముందో సబ్‌స్టిట్యూట్లకు కూడా చెప్పమని. కానీ రోజూ ఆ క్లాసులో కూర్చునేది నువ్వు, నేను కాదు. రాయమంటావో వద్దంటావో రాత్రి అన్నం దగ్గర చెప్పు. నువ్వు సరే అనేదాకా పంపను.

ప్రేమతో,
అమ్మ