పాప ఇంగ్లీషు పరీక్ష గురించి నాన్నగారికి

సింగపూర్,
20 జూలై 2025.

పూజ్యులైన నాన్నగారికి,

మీ పెద్దమ్మాయి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము ముగ్గురం క్షేమంగా ఉన్నాము. అక్కడ మీరూ, అమ్మా క్షేమమని తలుస్తాను. అమ్మ మోకాలి నొప్పికి డాక్టరుగారు చెప్పిన వ్యాయామం మానకుండా చేయిస్తున్నారని తమ్ముడు చెప్పాడు. చాలా సంతోషం.

పోయిన ఆదివారం ఫోనులో మీరు నన్ను ఒక మాట అడిగారు. పాప ఇదివరకులా తాతయ్యతో ఎందుకు మాట్లాడటం లేదు, పలకరిస్తే రెండు ముక్కలు ఇంగ్లీషులో చెప్పి ఫోను నీ చేతికి ఎందుకు ఇచ్చేస్తోంది అని. అప్పుడు చదువు ఒత్తిడి అని చెప్పి దాటవేశాను. మీ దగ్గర అలా దాటవేయడం నాకు రాత్రంతా బాధ కలిగించింది. ఫోనులో చెబితే సగం చెప్పి సగం మింగేస్తానని భయపడి, జరిగినదంతా ఈ ఉత్తరంలో రాస్తున్నాను.

ఇక్కడ ఆరవ తరగతి చివర ప్రతి పిల్లా రాయవలసిన పరీక్ష ఒకటి ఉంది. ఈ దేశంలో దాన్ని 1960 నుండి నిర్వహిస్తున్నారు. ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, మాతృభాష అని నాలుగు విషయాలు. ఒక్కొక్క దానికి ఒకటి నుండి ఎనిమిది వరకు స్థాయి ఇస్తారు. 90 మార్కులు, ఆపైన వస్తే ఒకటవ స్థాయి, 65 నుండి 74 వరకు వస్తే అయిదవ స్థాయి. నాలుగూ కూడితే వచ్చే సంఖ్య ఎంత తక్కువగా ఉంటే పిల్లకు హైస్కూలు ఎంచుకునే అవకాశం అంత ఎక్కువ. మాతృభాష అన్న పేరే గాని అందులో తెలుగు లేదు. తమిళం కాక భారతీయ భాషలలో బెంగాలీ, గుజరాతీ, హిందీ, పంజాబీ, ఉర్దూ మాత్రమే తీసుకోవచ్చు. అందువల్ల మన పాప మాతృభాష అనే గడిలో హిందీ అని రాస్తోంది. ప్రతిసారీ ఆ గడి చూసినప్పుడు నా మనసు చివుక్కుమంటుంది.

ఇంగ్లీషుకు మొత్తం 200 మార్కులు. అందులో వ్యాకరణం, పదజాలం, చదివి అర్థం చేసుకోవడం కలిసి ఉన్న రెండవ పేపరు 90 మార్కులకు, గంటా యాభై నిమిషాలు. మన పాప తడబడేది ఇక్కడే. కథ రాయమంటే చక్కగా రాస్తుంది, చదవమంటే గుక్క తిప్పుకోకుండా చదువుతుంది. ఈ పేపరు దగ్గరికి వచ్చేసరికి పది మార్కులు ఇక్కడ, అయిదు అక్కడ జారిపోతాయి. 2023 నాటికి ఇక్కడి బడులన్నింటిలో అర్ధసంవత్సర పరీక్షలు తీసివేశారు. అది పిల్లలకు మేలే. కానీ పిల్ల ఎక్కడ ఉందో ఆలస్యంగా తెలిసిన తల్లిదండ్రులకు కంగారు ఎక్కువైంది. ఫిబ్రవరిలో బడిలో పెట్టిన చిన్న పరీక్షలో పాపకు నూటికి 71 వచ్చాయి. దానితో నేను కూడా అందరిలాగే ఒక ట్యూషన్ సెంటరుకు పరుగెత్తాను.

ఆ సెంటరులో పాఠం చెప్పే ఆవిడ పాప రాసిన పది పేజీలు తిరగేసి, ఇంట్లో మీరు ఏ భాష మాట్లాడుతారని అడిగింది. తెలుగు అన్నాను. పరీక్ష అయ్యేవరకు అది ఆపేయండి, తప్పులన్నీ అక్కడి నుండే వస్తున్నాయి అని చెప్పింది. నాన్నగారూ, నేను ఎదురు చెప్పలేదు. ఇంటికి వచ్చి, ఇకనుండి ఇంగ్లీషే మాట్లాడుకుందామని పాపకు చెప్పాను. మార్చి నుండి జూన్ వరకు నాలుగు నెలలు మా ఇంట్లో అన్నం కూడా ఇంగ్లీషులోనే వడ్డించాము. పాప మీతో మాట్లాడకపోవడానికి కారణం ఇది. తెలుగులో మాట్లాడితే పరీక్ష పాడవుతుందని దానికి చెప్పింది నేను. పిల్ల మాట విన్నది, అంతే. అందులో దాని తప్పు ఏమీ లేదు. మీరు దానిమీద మనసు కష్టపెట్టుకోవద్దు.

ఆ నాలుగు నెలలలో మార్కులేమీ పెరగలేదు. రోజుకొక అభ్యాసపత్రం చేయించేదాన్ని. ఇక్కడ పుస్తకాల షాపులలో ఈ పరీక్షకు అభ్యాస పుస్తకాలు అరలకు అరలు ఉంటాయి. అందులో ఒక ప్రశ్న ఎలా ఉంటుందంటే, పది ఖాళీలున్న ఒక పేరా ఇచ్చి, పైన ఒక పట్టికలో పదిహేను చిన్న చిన్న మాటలు ఇస్తారు. ఒక్కొక్క మాటకు ఒక అక్షరం గుర్తు. అంకెలతో పొరబడకుండా ఐ, ఓ అనే రెండు అక్షరాలను మాత్రం వదిలేస్తారు. ఒక మాటను ఒక్కసారే వాడాలి. పాప పెన్సిలుతో ఒక్కొక్క మాట కొట్టివేస్తూ పోతుంది. మూడవ ఖాళీలో తప్పు మాట పెడితే, ఆ మాట నిజంగా కావలసిన ఎనిమిదవ ఖాళీకి వచ్చేసరికి అది పట్టికలో ఉండదు. అప్పుడు రబ్బరు తీసుకుని మొదటి నుండి చెరుపుతుంది. కాగితం నలుపెక్కి చిరుగుపట్టిన చోట దాని వేలి గుర్తు కూడా పడి ఉండేది. నేను పక్కన కూర్చుని సరైన జవాబు చెప్పేదాన్ని. ఎందుకు సరైనదో మాత్రం చెప్పేదాన్ని కాదు, ఎందుకంటే సరిగ్గా చెప్పడానికి నాకూ మాటలు దొరికేవి కావు.

జూన్ సెలవులలో ఒక సాయంత్రం జరిగిన సంగతి మీకు వివరంగా చెప్పాలి. ఈ పేపరులో వాక్యాలు కలిపే ప్రశ్నలు అయిదు ఉంటాయి, ఒక్కొక్కటి రెండు మార్కులు. రెండు వాక్యాలిచ్చి, వాటిని ఒకే వాక్యంగా మార్చమంటారు, అర్థం మారకూడదు. ఆ పుట చూస్తూ ఉండగా నాకు మీ పదవ తరగతి పిల్లలు గుర్తుకు వచ్చారు. సీత బడికి వెళ్ళింది, సీత పాఠం విన్నది, సీత ఇంటికి వచ్చింది అని మీరు పలక మీద రాసి, సంశ్లిష్ట వాక్యం చేయమని వాళ్ళకు ఇచ్చేవారు. సీత బడికి వెళ్ళి, పాఠం విని, ఇంటికి వచ్చింది అని మేము వంటింట్లోంచే అరిచేవాళ్ళం. ఇన్ని నెలలుగా నేను సింగపూరు పరీక్ష అని భయపడుతున్నది మీరు ముప్పై ఏళ్ళు చెప్పిన పాఠమేనని ఆ రోజు తెలిసింది.

పాప అప్పుడు రాసిన వాక్యం ఇది: హావింగ్ ఫినిష్డ్ హర్ హోంవర్క్, ది టీవీ వాజ్ స్విచ్డ్ ఆన్. దానికి ఎర్ర ఇంకుతో తప్పు పడింది. ఎందుకు తప్పో పాపకు అర్థం కాలేదు. నేను నాలుగు నెలల నియమం పక్కన పెట్టి, ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పాను. హోంవర్కు పూర్తి చేసి టీవీ వెలిగింది. పాప ఒక్క క్షణం నా ముఖం చూసి, టీవీ హోంవర్కు చేసిందా అమ్మా అని పగలబడి నవ్వింది. చేసి, వెళ్ళి లాంటి క్త్వార్థకానికీ, వాక్యం చివర వచ్చే ప్రధాన క్రియకూ కర్త ఒకడే కావాలని మీరు చెప్పేవారు కదా, ఆ సూత్రాన్ని దానికి ఎవరూ నేర్పలేదు. అయినా అది దాని చెవిలో ఉంది. ఇంగ్లీషులో తప్పు చేసిన పిల్లకు తెలుగులో ఆ తప్పు వెంటనే వినబడింది. ఆ తరువాత ఆ రకం ప్రశ్నలో అది తప్పు చేయలేదు.

ఆ రాత్రి మేమిద్దరం ఒక్కొక్కటే తిరగవేశాము. ఒక డబ్బా నిండా చాక్లెట్లు ఉన్నాయనుకుందాం. ది బాక్స్ ఆఫ్ చాకొలెట్స్ తరువాత ఈజ్ రావాలా, ఆర్ రావాలా అని అడిగితే పాప ఎప్పుడూ ఆర్ అనేది. మామిడిపండ్ల బుట్ట ఉందా, ఉన్నాయా అని అడిగాను. ఉంది అని తడుముకోకుండా చెప్పింది. మన భాషలో బుట్ట క్రియ పక్కనే కూర్చుంటుంది కాబట్టి తికమక లేదు. వాళ్ళ భాషలో డబ్బా దూరంగా ఉండి, చాక్లెట్లు క్రియకు ఆనుకుని ఉంటాయి, కన్ను అక్కడ మోసపోతుంది. ఈ ఒక్క మాట చెప్పడానికి ఆ అభ్యాస పుస్తకంలో ఇరవై ప్రశ్నలు ఉన్నాయి, ఒక్క వివరణ లేదు.

పరోక్ష కథనం మాత్రం నిజంగా మన భాష నుండే వచ్చిన చిక్కు. ఆ విషయంలో ట్యూషన్ ఆవిడ మాటలో కొంత సత్యం ఉందని నేను ఒప్పుకుంటాను. తెలుగులో రేపు వస్తాను అని రవి అన్నాడు అంటాము. రవి మాట రవి మాటగానే ఉంటుంది, చివర అని చేరుస్తాము. పాప కూడా అలాగే, హి సెడ్ దట్ ఐ విల్ కమ్ టుమారో అని రాసింది, రెండు మార్కులూ పోయాయి. ఇంగ్లీషులో నేను అన్నది అతడు కావాలి, కాలం వెనక్కి జరగాలి, రేపు అన్నది మరునాడు కావాలి. అయితే మన దగ్గర కూడా తాను వస్తానని రవి చెప్పాడు అనే పద్ధతి ఉంది కదా. నేను పోయి తాను వచ్చింది గాని, క్రియ మాత్రం వస్తాను అన్న ఉత్తమ పురుషలోనే ఉండిపోయింది. రెండు భాషలూ ఎంతవరకు కలిసి నడుస్తాయో, ఏ చోట విడిపోతాయో పాపకు కాగితం మీద గీత గీసి చూపించాను. విడిపోయే చోటు తెలిశాక పిల్లకు భయం పోయింది. తప్పు తెలుగు వల్ల వచ్చిందని తెలుగు మాన్పించడం కాక, ఏ తెలుగు వాక్యం వల్ల వచ్చిందో చూపించడమే సరైన వైద్యమని నాకు గట్టిగా అనిపిస్తోంది.

విభక్తులూ అంతే. ఫలానా వారితో పెళ్ళయింది అంటాము కనుక పాప మ్యారీడ్ విత్ అని రాస్తుంది, అక్కడ టు రావాలి. దేని గురించో చర్చించాము అంటాము కనుక డిస్కస్ తరువాత అబౌట్ చేరుస్తుంది, అక్కడ ఏమీ రాకూడదు. ఇలాంటివి ఒక నోటుబుక్కులో రెండు వరుసలుగా రాయిస్తున్నాను. ఎ, ది అనే వాటికి మాత్రం మన దగ్గర ఆధారం లేదు, అవి చదివి చదివి రావలసిందే. స్పెల్లింగు కూడా అంతే. పలికినట్టు రాసే భాష నుండి వచ్చిన పిల్లకు, బిలీవ్‌లో ఐ ముందు ఉండి రిసీవ్‌లో ఈ ఎందుకు ముందు వస్తుందో చెప్పడం నా వల్ల కాదు. గోడమీద కాగితం అంటించాను.

పదజాలం గురించి ఒక విషయం రాయకుండా ఉండలేను. ఈ పేపరులో పదిహేను ఖాళీలున్న పేరా ఒకటి ఉంటుంది, దానికి పట్టిక కూడా ఇవ్వరు, మాట పిల్లే వెతుక్కోవాలి. ఏ మాట పక్కన ఏ మాట ఇముడుతుందో తెలియనిదే అది పూరించలేరు. ఇంగ్లీషులో వాన హెవీ, గాలి స్ట్రాంగ్, అటుది ఇటు పెడితే చెల్లదు. పాపకు ఇది చెబుదామని, మన భాషలో వాన కురుస్తుంది, గాలి వీస్తుంది, చలి వేస్తుంది, మరి ఎండ ఏం చేస్తుంది అని అడిగాను. అది కాసేపు ఆలోచించి, ఎండ వస్తుంది అంది. కాస్తుంది అన్న మాట దానికి తెలియదు నాన్నగారూ. వెన్నెల కాస్తుంది, చెట్టు కాస్తుంది, ఎండ కాస్తుంది, ఈ మూడూ దానికి ఆ రోజే మొదటిసారి చెప్పాను. నేను ఆపింది నాలుగు నెలలే అనుకున్నాను గాని, అంతకు ముందు పదేళ్ళలో కూడా నేను చెప్పినది చాలా తక్కువని అప్పుడు తెలిసింది. మరునాడు పడు అనే క్రియ తీసుకుని భయపడు, బయటపడు, కుదుటపడు, తగలబడు అని ముందు మాట మారితే అర్థం ఎలా మారిపోతుందో చెప్పాను. పాప వెంటనే దాని పుస్తకం తెచ్చి, పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం, పుట్ అవుట్ అంటే ఆర్పడం, పుట్ అప్ విత్ అంటే భరించడం, ఇది కూడా అలాంటిదేనా అని అడిగింది. అలాంటిదే అన్నాను.

ట్యూషన్ మాన్పించాను. మీ అల్లుడుగారు మొదట సందేహించారు, ఇప్పుడు ఆయన కూడా రాత్రి భోజనాల దగ్గర తెలుగులోనే మాట్లాడుతున్నారు. పోయిన వారం బడిలో ఇచ్చిన అభ్యాసంలో వాక్యాలు కలిపే భాగంలో పాపకు పదికి ఎనిమిది వచ్చాయి. ఇదివరకు నాలుగు దాటేది కాదు. పరీక్షలో ఎంత వస్తుందో నేను చెప్పలేను. ఆగస్టులో మౌఖిక పరీక్ష, సెప్టెంబరు నెలాఖరు నుండి రాత పరీక్షలు. పన్నెండేళ్ళ పిల్లకు ఇంత పరీక్ష ఎందుకని మీరు అన్నమాట నిజమే. దాన్ని తప్పించడం నా చేతిలో లేదు. దాని కోసం ఏం వదులుకోవాలో, ఏం వదులుకోకూడదో మాత్రం నా చేతిలో ఉంది.

మీకు ఒక పని అప్పగిస్తున్నాను. పాప ఇప్పుడు వస్తే, చేస్తే లాంటి చేదర్థకం దగ్గర ఆగింది. ఇఫ్ బాగానే వాడుతుంది. అన్‌లెస్ వచ్చినప్పుడు దాని తరువాత మళ్ళీ డోంట్ చేరుస్తోంది. తొందరపడకపోతే అన్న మాటలో వ్యతిరేకార్థం లోపలే ఇమిడి ఉన్నట్టు, ఆ ఇంగ్లీషు మాటలోనూ ఇమిడి ఉందని నేను చెప్పి చూశాను, సరిగ్గా అందలేదు. మీరు చెబితే అందుతుంది. వచ్చే ఆదివారం మీకు ఉదయం ఎనిమిదిన్నరకు, ఇక్కడ పదకొండు గంటలకు, పాప తనే ఫోను చేస్తుంది. ఇంగ్లీషు గురించి మీరేమీ కంగారు పడవద్దు, ఆ సగం అదే చెబుతుంది. వస్తే, రాకపోతే, వచ్చినా, రాకపోయినా, ఈ నాలుగూ మీ పద్ధతిలో పది పది వాక్యాలు దానిచేత చెప్పించండి. పలక ఇంకా అటకమీదే ఉంటే తీయించి, రాసి కెమెరాకు చూపించండి.

అమ్మకు నా నమస్కారాలు. తమ్ముడికీ, మరదలికీ ఆశీస్సులు.

ఇట్లు,
మీ పెద్దమ్మాయి