సూర్యాపేట టీ కొట్టు దగ్గర కలిసిన పెద్దాయనకు

మూడు నెలలుగా నా బండి ముందు చక్రం దగ్గర టకటకమని ఒకటే చప్పుడు. గతుకుల్లో వస్తుంది, నున్నటి రోడ్డెక్కితే మాయం. మెకానిక్ ముందు పెడితే అసలు నోరే విప్పదు. చక్రం బేరింగ్‌లు మార్పించాను. హ్యాండిల్ కింద బాల్‌రేసర్ పోయిందన్నారు, అదీ మార్పించాను. చప్పుడు మాత్రం అలాగే ఉంది.

పోయిన ఆదివారం విజయవాడ వెళ్తూ సూర్యాపేటలో టీకి ఆగాను. బండి ఆపేటప్పుడు విన్నారేమో, మీరు గ్లాసు పక్కన పెట్టి లేచి వచ్చారు. సెంటర్ స్టాండ్ వేయించి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి, "బేరింగ్ మంచిగనే ఉంది బిడ్డా. ముందు బ్రేకు జర పట్టుకుని ఆ గతుకుల మీద తిప్పుకురా" అన్నారు. చప్పుడు లేదు! లివర్ వదిలితే మళ్ళీ టకటక.

అప్పుడు డిస్క్ బ్రేకు ప్యాడ్లు ఉండే కాలిపర్‌లోకి ఫోన్ లైటు కొట్టి చూపించారు. ప్యాడ్లు కదలకుండా నొక్కి ఉంచే సన్నటి స్ప్రింగ్ రేకు అక్కడ లేదు. ప్యాడ్లు మార్చినప్పుడు ఎవరో తిరిగి పెట్టలేదు. బ్రేకు పడితే ప్యాడ్లు డిస్క్‌కు అదుముకుంటాయి, అందుకే చప్పుడు ఆగుతోంది. ఇంత చిన్నదానికి నేను పడ్డ టెన్షన్!

మీ గోళ్ళ సందుల్లో నల్లటి గ్రీజు కనిపించింది. ఏ షెడ్డులో చేశారో అడుగుదామనుకునేలోపే బస్సెక్కేశారు, టీ డబ్బులు కూడా ఇవ్వనివ్వలేదు.

రేకు వేయించాను. బేరింగ్‌ల ఖర్చులో పదో వంతు కూడా కాలేదు. నిన్న కావాలనే గుంతల దారిలో వెళ్ళాను, చప్పుడు లేదు. చాలా థాంక్స్, పెద్దాయనా.